పడమటి కుర్చీ

మా కాలేజీ సాహిత్యం గదిలో ఒక పొడుగాటి బల్ల ఉంది. దానికి తూర్పు కొసన ఒక కుర్చీ, పడమటి కొసన ఒక కుర్చీ. ఖాళీగా ఉన్నాయి కదా అని ఎవరైనా కొత్త లెక్చరరు వెళ్ళి వాటిలో కూలబడితే, టీ పట్టుకొచ్చే మనిషి దగ్గర్నుంచి అందరూ అదోలా చూస్తారు. తూర్పు కుర్చీ మన సాహిత్యం చెప్పేవాళ్ళది. పడమటి కుర్చీ వాళ్ళ సాహిత్యం చెప్పేవాళ్ళది. పేపరుకి 'భారతీయ, పాశ్చాత్య సాహిత్యాల తులనాత్మక పరిశీలన' అని ఘనమైన పేరుంది గానీ, అది పలికేలోపు గంట కొట్టేస్తారని పిల్లలు దాన్ని 'తూకం' చేసేశారు. ఇప్పుడు నోటీసు బోర్డు మీద కూడా తూకం అనే రాస్తున్నారు.

ఈ ఏర్పాటు పాత హెడ్డుగారిది. రెండిటినీ ఒక్క మనిషే చెబితే ఎటో ఒకవైపు మనసు లాగుతుందనీ, అందుకని ఎవరి వైపు వాళ్ళు గట్టిగా పట్టుకు కూర్చోవాలనీ ఆయన నమ్మకం. ఏడాదంతా ఎవరి పాఠం వాళ్ళు చెప్పుకుంటారు. పరీక్షల ముందు ఒకరోజు మాత్రం ఆ బల్లనీ కుర్చీలనీ పెద్ద హాల్లోకి మోయించి, పిల్లల ఎదుట, వాళ్ళ ఇళ్ళవాళ్ళ ఎదుట, ఇద్దరూ చెరో కొసనా కూర్చుని ఒకే విషయం మీద వాదించాలి. చివర్లో ప్రిన్సిపాల్ లేచి ఏ వైపు మొగ్గిందో చెప్పాలి. హెడ్డుగారు రిటైరై వెళ్ళిపోయారు. తూకానికి మాత్రం రిటైర్మెంటు రాలేదు.

మొగ్గేది ఎప్పుడూ ఇటే. ఇందులో కుట్ర ఏమీ లేదు. కాలేజీ మనది, హాలు మనది, ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రులు మనవాళ్ళు. పరాయివాళ్ళని గెలిపించి ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్తారు? కాబట్టి పడమటి కుర్చీలో కూర్చున్న మనిషికి అప్పజెప్పిన అసలు పని ఓడిపోవడం. ఏదో మొక్కుబడిగా ఓడిపోతే కుదరదు. బాగా పోరాడి, ఇంకాసేపుంటే గెలుస్తుందేమో అనిపించి, అప్పుడు ఓడిపోవాలి. ఆ విద్య మా పడమటమ్మకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు.

పడమటమ్మ అనేది పిల్లలు పెట్టిన పేరు. ఎదుటివైపు కూర్చునే ఆయన తూర్పాయన. ఇద్దరికీ ఈ పేర్లు తెలుసు, తెలియనట్టు నటిస్తారు. నేను పక్క గదిలో చరిత్ర చెబుతాను. రెండు గదులకీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. అవతల ఆవిడ ఏదైనా విషాద ఘట్టం ఎత్తుకుందంటే నా క్లాసులో పిల్లలు యుద్ధాలు, సంధులు పక్కన పెట్టేసి కలాలు దించేస్తారు. వాళ్ళని గదమాయించి నేను కూడా చెవి అటే వేస్తాను.

సన్నగా ఉంటుంది. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుంటుంది, అయినా రోజుకోసారి దానికోసం వెతుక్కుంటుంది. ఆవిడని చూసి ఎవరూ అనుకోరు గానీ, ఆవిడ ఆ కుర్చీకోసం తయారైన మనిషి కాదు. తూర్పు కుర్చీకోసం తయారైన మనిషి.

ఆవిడ తండ్రికి గడియారాలు బాగుచేసే కొట్టుండేది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఆగాల్సినంత కొట్టు. ఆయన ఒక కంటికి అద్దం బిగించుకుని, పురుగుల్లాంటి చక్రాలు పొదుగుతూ, పాత పద్యాలు ఎత్తుకునేవాడు. స్ప్రింగు బిగించేటప్పుడు ఊపిరి బిగపట్టాలి కాబట్టి పద్యం అక్కడ ఆగేది. స్ప్రింగు కూర్చున్నాక మిగతా సగం వచ్చేది. స్టూలు మీద కూర్చుని విన్న ఈవిడకి పద్యాలన్నీ అవే విరుపులతో పట్టుబడ్డాయి. కాలేజీలో చేరాక మాస్టర్లు ఎన్నిసార్లు దిద్దినా అవి పోలేదు. పాత పద్యాల మీదే పరిశోధన చేసింది, ఆ పద్యాలే చెబుదామని మా కాలేజీకి ఇంటర్వ్యూకి వచ్చింది.

అక్కడ జరిగింది మా స్టాఫ్ రూములో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక పద్యం చెప్పమంటే, ఈవిడ చెప్పిన తీరుకి హెడ్డుగారు చేతిలో టీ చల్లారిపోయిందని కూడా చూసుకోలేదట. అక్కడితో ఆపేసి లేచి ఉంటే కథ వేరేలా ఉండేది. ఉత్సాహం ఆగక, ఇదే భావాన్ని పడమటి కవి ఒకాయన ఇంకోలా అన్నాడండీ అని ఒక్క వాక్యం కలిపింది. అంతే, బల్ల చుట్టూ తలలన్నీ లేచాయి. ఎందుకంటే పడమటి కుర్చీ అప్పటికి చాలాకాలంగా ఖాళీగా ఉంది. మీకు అటువైపు కూడా తెలుసా అని అడిగారు. కొంచెం తెలుసండీ అంది. ఆ కొంచెం మీద ఉద్యోగమిచ్చారు. తూర్పు కుర్చీ ఖాళీ అయ్యేదాకా తాత్కాలికంగా అటు కూర్చోమన్నారు.

ఆ తాత్కాలికం పాతికేళ్ళు దాటింది. మధ్యలో తూర్పు కుర్చీ ఒకసారి ఖాళీ అయింది కూడా. కానీ అప్పటికే ఆవిడ పడమటమ్మ అయిపోయింది. ఆవిడ్ని అటు జరుపుదామన్న ఆలోచన ఎవరికీ రాలేదు, జరపమని ఆవిడా నోరు తెరిచి అడగలేదు. గొంతు కంచులా ఉందని కొత్తాయన్ని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయనే ఇప్పటి తూర్పాయన.

ఇక అప్పట్నుంచీ లోకంలో పడమటి దిక్కున జరిగే ప్రతిదానికీ ఆవిడే పూచీ. ఎక్కడో ఎవరో దేశాధ్యక్షుడు భార్యకి విడాకులిస్తే, మీవాళ్ళు ఎందుకండీ ఇలా చేస్తారని లెక్కల మాస్టారు ఆవిడని నిలదీస్తాడు. మీవాళ్ళు అనే మాటకి మొదట్లో ఉలిక్కిపడేది, తర్వాత్తర్వాత సంజాయిషీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంట్లోనూ అంతే. పక్కింటివాళ్ళు విదేశీ మందుసీసా పట్టుకొచ్చి చీటీ చదివి పెట్టమంటారు. బట్టలుతికే మిషను ఆగిపోతే దాని పుస్తకం తెస్తారు. పుస్తకం చదివితే సరిపోదు, మిషను తిరగాలి. తిరక్కపోతే, పాపం ఇంత చదువుకుని కూడా, అన్నట్టు చూసి వెళ్తారు. అత్తగారికి కోడలు రోజూ చెప్పేవి చావు కథలని ఎవరో చెప్పారు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, "ఇవాళ ఎవరు పోయారమ్మా?" అని పరామర్శిస్తుంది. రాజుగారు పోయారత్తయ్యా అంటే, అయ్యో, పిల్లలెంతమంది అంటుంది.

ఇవన్నీ నవ్వుకోవడానికి పనికొచ్చేవే. నవ్వుకోవడానికి పనికిరానిది ఒకటుంది. అది నాకు కూడా ఈమధ్యే తెలిసింది.

ఉద్యోగం వచ్చిన రోజున ఆవిడ ఆ వార్త పట్టుకుని తండ్రి కొట్టుకి పరిగెత్తింది. ఏ కుర్చీయో చెప్పేలోపే ఆయన కంటి అద్దం ఊడదీసి, కొట్టు దిగి, మా అమ్మాయి కాలేజీలో పద్యాలు చెబుతుందండోయ్ అని ఆ వరసలో ఉన్న కొట్లన్నిటికీ చాటి వచ్చాడు. అవతల చెప్పులు కుట్టేవాడి దగ్గర్నుంచి కళ్ళజోళ్ళ కొట్టతని దాకా వచ్చి ఆశీర్వదించి వెళ్ళారు. అంత సంబరం మీద నీళ్ళెందుకు చల్లాలి, ఎలాగూ ఇది తాత్కాలికమే కదా, కుర్చీ మారాక చెబుదాంలే అనుకుంది. కుర్చీ మారలేదు. ఆయన అడగడం మానలేదు.

ఇప్పుడాయన ఆవిడ తమ్ముడి దగ్గర ఉంటాడు. ప్రతి ఆదివారం ఈవిడ వెళ్తుంది. వెళ్ళగానే, ఈ వారం ఏం చెప్పావమ్మా అంటాడు. ఫలానా పద్యం చెప్పాను నాన్నా అంటుంది. పిల్లలు ఏమన్నారు, ఆ మూడో పాదం దగ్గర ఆగావా, లేదా, ఆగకపోతే దానికి అందమేముంది అంటాడు. వచ్చే వారం ఇది చెప్పు అని ఇంకోటి అందిస్తాడు. ఈవిడ బుద్ధిగా తలూపుతుంది, సోమవారం వచ్చి, నా చెక్క అవతల, సముద్రం మధ్యలో ఓడ మునిగిన కథ చెబుతుంది. ఇన్నేళ్ళూ ఇలా నడిచింది. ఆయన ఊహలో ఆవిడ చెప్పని పాఠాలతో ఒక తరం పిల్లలు చదువుకుని పెద్దవాళ్ళయిపోయారు.

నాకు ఎలా తెలిసిందంటే, ఈ ఏడు తూకానికి తండ్రి వస్తానన్నాడు. ఇదివరకు చాలాసార్లు అన్నాడు. ఈవిడ ఎండలనీ, మెట్లనీ, హాల్లో ఫ్యాన్లు తిరగవనీ వంకలు చెప్పి ఆపింది. ఇప్పుడాయనకి చూపు పూర్తిగా పోయింది. కళ్ళు ఎలాగూ సెలవు తీసుకున్నాయి, చెవులు కూడా బయల్దేరేలోపు ఒక్కసారి నీ గొంతుతో పద్యం వింటానన్నాడట. దీనికి చెప్పడానికి వంక దొరకలేదు. తమ్ముడు ఆఫీసుకి సెలవు కూడా పెట్టేశాడు.

టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా, ఇదంతా చెప్పింది. నిజం చెప్పేసెయ్యి అక్కా, ఈ వయసులో ఆయనేమంటాడు అన్నాను. నా మొహంలోకి చూసింది.

"ఏమని చెప్పనే? నువ్వు నేర్పిన పద్యం ఒక్కటి కూడా ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకి చెప్పలేదు నాన్నా అని చెప్పనా?"

అయితే కుర్చీ మారు, ఒక్క రోజుకే కదా అన్నాను. నేను తేలిగ్గానే అన్నాను. ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. ఈ ఊహ ఆవిడకి ఎప్పుడూ రాలేదంటే నేను నమ్మను. వచ్చిన ప్రతిసారీ తనే తలుపేసుకుని ఉంటుంది.

ప్రిన్సిపాల్ గారు లెక్కలావిడ. రెండు వైపులూ సమానమని పైకి అంటున్నప్పుడు ఎవరు ఎటు కూర్చుంటే ఏం, తూర్పాయన సరేనంటే నాకేం అభ్యంతరం అన్నారు. ఇక మిగిలింది ఆయనే.

తూర్పాయన మంచివాడు. భారీ మనిషి, ఆయన లేచినప్పుడు కుర్చీ కూడా కొంచెం లేస్తుంది. పాఠం ఎంత కంఠస్థం అంటే ఎక్కడ దగ్గుతాడో పిల్లలకి ముందే తెలుసు. కొంటెపిల్లలు ఆయనకంటే ఒక క్షణం ముందు దగ్గుతారు. ఈవిడ వెళ్ళి కుర్చీల సంగతి చెప్పేసరికి ఆయన మొహంలో రక్తం దిగిపోయింది.

"చెల్లెమ్మా, నన్ను చంపదల్చుకుంటే తిన్నగా చెప్పు. అటు కూర్చుని నేనేం మాట్లాడతాను? నాకు అటువైపు ఏం తెలుసు?"

"ఆ అట్ట కింద ఉన్నది అటువైపుదే కదా అన్నయ్యా."

ఆయన బల్ల మీద పెద్ద అలంకార గ్రంథం అట్ట వేసిన పుస్తకం ఉంది. అట్ట గ్రంథానిదే, లోపలిది మాత్రం అనువాదమై వచ్చిన హత్యల నవల. ఆయన అట్ట మీద అరచెయ్యి పెట్టాడు, దాచుకుంటున్నట్టు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మీరు ఒకసారి పేజీ గుర్తుకి నా హాజరుపట్టీ పెట్టుకున్నారు. వెతుక్కుంటూ వచ్చి చూశాను."

దానికి ఆయన చెప్పిన మాట నేను చెక్క ఇవతల నుంచే విన్నాను, ఇప్పటికీ మర్చిపోలేదు. "నాకు పద్యమంటే ప్రాణంగా ఉండేదమ్మా, పాఠం చెప్పడం మొదలుపెట్టకముందు. ఇప్పుడు నోరు తెరిస్తే అదే వస్తుంది, నేను లేకపోయినా వస్తుంది. ఇదొక్కటే మిగిలింది, ఎవరికీ చెప్పక్కర్లేకుండా చదువుకునేది. దీన్ని కూడా పాఠం చేయమంటావా?"

ఈవిడ అప్పుడు తండ్రి సంగతి చెప్పింది. మీ నాన్నగారు ముందు వరసలో కూర్చుంటారా అని అడిగాడు. అవునంది.

"సరే. కానీ అక్కడ కూర్చుంటే ఓడిపోవాలి కదా. నాకు అలవాటు లేదు."

"నేను నేర్పుతాను" అంది ఆవిడ.

ఆ వారమంతా నిజంగానే నేర్పింది. కళ్ళజోడు ఎప్పుడు తీయాలి, నీళ్ళు ఎప్పుడు తాగాలి, ఇంక చెప్పడానికేమీ లేనట్టు కిటికీలోంచి ఎప్పుడు చూడాలి, అన్నిటికన్నా ముఖ్యంగా 'ఒప్పుకుంటున్నాను' అన్న మాట ఎంత నెమ్మదిగా అనాలి. ఆయన బడిపిల్లాడిలా అభ్యాసం చేశాడు. ఆయన గొంతుకి ఒప్పుకోవడం కూడా సవాలు విసిరినట్టే వచ్చేది. ఆవిడ నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసేది. ఆవిడ ఆ కాలేజీలో అలా నవ్వడం నేను చూసింది ఆ వారమే.

ఈ ఏటి విషయం, 'నాయకుడు పడిపోయేది శాపం వల్లనా, తప్పు వల్లనా' అని. మన కథల్లో గొప్పవాడికి కష్టమొస్తే వెనకాల ఎవరో ఒకరి శాపం ఉంటుంది. వాళ్ళ నాటకాల్లో ఎవరూ శపించరు, వాడి స్వభావంలోనే ఒక బీట ఉంటుంది, అది పెరిగి పెరిగి వాణ్ణి మింగుతుంది. శాపం పక్షాన ఈవిడ మాట్లాడాలి, తప్పు పక్షాన ఆయన.

హాలు నిండింది. కుర్చీలు మారిన సంగతి చూసి పిల్లలు గుసగుసలాడారు. కొందరు బల్లనే తిప్పి వేశారేమో అనుకుని కిటికీల వైపు చూసి దిక్కులు సరిచూసుకున్నారు. తండ్రిని తమ్ముడు చెయ్యి పట్టి తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా గీసుకున్న గడ్డం. తల కొంచెం పక్కకి వంచి కూర్చున్నాడు, చెవి కూతురి వైపు వచ్చేలా.

ఆవిడ పద్యంతో మొదలుపెట్టింది. పాతికేళ్ళకు పైగా ఆ గదుల్లో వినిపించని గొంతు అది. నాకు పద్యాల సంగతి అంతగా తెలియదు, కానీ మధ్యలో ఒకచోట, మాట పూర్తికాకుండానే, ఊపిరి బిగపట్టినట్టు ఆగింది. హాలంతా ఆగింది. ముందు వరసలో ముసలాయన మోకాలి మీద తాళం వేస్తున్న వేలు కూడా సరిగ్గా అక్కడే ఆగింది. మళ్ళీ ఎత్తుకునేసరికి ఆయన పెదవులు కదులుతున్నాయి.

తర్వాత వాదం. శాపంలో దయ ఉంది అంది. పడ్డవాణ్ణి వేలెత్తి చూపించకుండా, ఆ భారాన్ని కాలం మీద, దైవం మీద, ఊరందరి మీద పంచిపెట్టే ఏర్పాటు అది అంది. వాళ్ళ నాయకుడు ఒంటరిగా పడతాడు, మన నాయకుడు పడితే పట్టుకోవడానికి కథ మొత్తం చేతులు చాపుతుంది అంది. బాగుంది. అక్కడితో ఆగి ఉంటే, ఎప్పట్లాగే తూకం ఇటు మొగ్గేది, ముసలాయన సంతోషంగా ఇంటికెళ్ళేవాడు, నాకు రాయడానికేమీ ఉండేది కాదు.

ఇప్పుడు తూర్పాయన వంతు. ఆయన నీళ్ళు తాగాడు. కళ్ళజోడు తీశాడు. కిటికీలోంచి చూశాడు. వారం రోజులు నేర్చుకున్నదంతా ఒకేసారి చేసేసి, "ఒప్పుకుంటున్నాను" అన్నాడు. మొదటి మాటే అది. ఇక అనడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకున్నారు. పడమటి కుర్చీ మౌనంగా ఉండటం మా కాలేజీ ఎన్నడూ చూడలేదు. నేను ఆవిడ మొహం వైపు చూశాను. ఎవరో తన ఇంట్లో దీపం పెట్టకుండా చీకట్లో కూర్చున్నారని తెలిసినట్టు, ఆవిడ కూర్చున్నచోటే కదిలిపోతోంది.

"ఇక్కడ మీరు నన్నొకటి అడగాలి" అంది ఆయనతో, మెల్లగా. ఏమిటన్నట్టు చూశాడాయన. "శాపమిచ్చినవాడు ఎప్పుడూ కథకి బయటే ఉంటాడు కదా, మరి పడ్డవాడు తనని తానేమీ ప్రశ్నించుకోనక్కర్లేదా అని అడగాలి."

"అదే, అదే అడుగుతున్నాను" అన్నాడు తూర్పాయన.

ఇక ఆవిడని ఆపేవాళ్ళు లేరు. ఏటేటా ఆ బల్ల అవతల కూర్చుని, మర్యాద కోసం మింగేసిన జవాబులన్నీ వరసకట్టి వచ్చాయి. శాపం మీద తలపెట్టి నిద్రపోవచ్చు, తప్పు నిద్రపోనివ్వదు అంది. శాపం తగిలినవాడు విముక్తి కోసం ఎదురు చూస్తాడు, ఎదురుచూడటంలోనే జీవితం గడిచిపోయినా వాణ్ణి ఎవరూ తప్పుపట్టరు, తనని తనే తప్పుపట్టుకోడు అంది. తప్పు చేశానని తెలుసుకున్న నాయకుడు చివరికి చచ్చిపోవచ్చు గానీ, ఆ తెలుసుకున్న ఒక్క క్షణం వాడి సొంతం, దాన్ని ఎవరూ ఇవ్వలేదు అంది. ప్రశ్న తనే వేసి, జవాబు కోసం తన వైపు తిరిగి, జవాబు దొరక్క మళ్ళీ పడమటి వాదానికే వెళ్ళింది. తూర్పు కుర్చీలో కూర్చుని తూర్పుని ముక్కముక్కలు చేసింది. పిల్లలు ఊపిరి తీయడం మర్చిపోయారు. తూర్పాయన నోరు తెరుచుకుని వింటున్నాడు, హత్య ఎవరు చేశారో తెలిసే పేజీకి వచ్చినవాడిలా.

ప్రిన్సిపాల్ గారు లేచారు. పాపం, లెక్క తప్పు చెప్పడం ఆవిడకి చేతకాదు. పడమర అన్నారు.

ఒక్క మాట వాదించకుండా తూర్పాయన గెలిచాడు. పడమటమ్మ కుర్చీ మారినా ఓడిపోయింది. పిల్లలు అలవాటు చొప్పున ఆయన చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. ఆయన సిగ్గుతో ఎర్రబడి, నేనేం చేశానర్రా అంటున్నాడు.

నేను ఆవిడ వెనకే వరండాలోకి వెళ్ళాను. నీళ్ళ కుళాయి దగ్గర తమ్ముడు తండ్రిని నిలబెట్టి ఉన్నాడు. ఈవిడ అడుగుల చప్పుడు విని ఆయన చెయ్యి చాపాడు.

"పద్యం బాగా చదివావు. అచ్చం నాలాగే చదివావు" అన్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకునే అడిగాడు: "ఆ రెండోది ఎక్కడ నేర్చుకున్నావు?"

ఏ రెండోది నాన్నా అంది, తెలియనట్టు.

"ఆ తప్పు గురించి చెప్పావే, అది. అది ఒక్క రోజులో వచ్చేది కాదమ్మా. రోజూ విప్పి బిగించే చెయ్యి వేరేగా ఉంటుంది. పద్యం దగ్గర నీకు భయముంది. దాని దగ్గర లేదు."

ఆవిడ అక్కడే, కుళాయి దగ్గరే, నిలబడి చెప్పేసింది. పెద్దగా ఏమీ లేదు, నాలుగు మాటలు. తమ్ముడు నన్ను చూశాడు, నేను వరండా స్తంభాన్ని చూశాను. ముసలాయన మొహం తిప్పలేదు, చెయ్యి వదల్లేదు.

"మరి ఆదివారాలు నేను చెప్పినవన్నీ ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు నాన్నా."

ఎండెక్కుతోంది పదరా అన్నాడాయన కొడుకుతో.

మర్నాడు ఆవిడ ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళింది. జీవితంలో మొదటిసారి నోరు తెరిచి, నన్ను తూర్పు కుర్చీలోకి మార్చండి, రిటైరయ్యేలోపు ఒక్క ఏడాదన్నా ఇటువైపు చెబుతాను అని అడిగింది. ప్రిన్సిపాల్ గారు జాలిగానే చూశారట. నిన్న కాలేజీ అంతా చూసింది కదండీ మీ బలం ఎటుందో, ఇప్పుడు మిమ్మల్ని మారిస్తే నన్ను పిచ్చిదనుకుంటారు అన్నారట. పోనీ ఒక్క గంట, పోలికా గీలికా లేకుండా ఒక్క పద్యం చెప్పుకుంటానని అడిగింది. అది తూకం పేపరండీ, అందులో ఒంటరిగా చెప్పడానికి చోటెక్కడుంది అన్నారట. అదీ నిజమే.

తర్వాతి ఆదివారం తండ్రి పాఠం సంగతి ఎత్తలేదు. వాతావరణం గురించి, కోడలి మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడాడు. ఆ వచ్చే ఆదివారమూ అంతే. ఆ రెండు ఆదివారాలూ ఎలా గడిచాయో ఆవిడ నాకు చెప్పలేదు గానీ, సోమవారాలు చెక్క అవతల పాఠం బాగా మెల్లగా వినపడింది.

మూడోసారి, ఒక్కదాన్నే వెళ్ళలేను రావే అని నన్ను తీసుకెళ్ళింది. ముసలాయన కిటికీ పక్కన మడతకుర్చీలో ఉన్నాడు. ఈవిడ ఎదురుగా స్టూలు లాక్కుంది. కుశలప్రశ్నలయ్యాయి. కోడలు టీ ఇచ్చి వెళ్ళింది. అప్పుడన్నాడు, గొంతు సవరించుకుని, "ఈ వారం ఏం చెప్పావు?" అని. ఈవిడ నా వైపు చూసింది. నేను టీలోకి చూశాను.

చెప్పడం మొదలుపెట్టింది. అటువైపు నాటకం ఒకటి. ఒక పెద్దమనిషి కొత్త ఊళ్ళో దిగుతాడు. ఊరివాళ్ళు ఆయన్ని ఇంకెవరో అనుకుని ఎదురొచ్చి, పూలదండ వేసి, పెద్ద ఇంటి తాళాలు చేతిలో పెడతారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఆ ఇంట్లో ముసలివాడైపోతాడు. చివరికి ఇల్లు అంటుకుంటే, తలుపు తీసి బయటికి రావడానికి కూడా మొహం చెల్లక లోపలే ఉండిపోతాడు.

ముసలాయనకి ఈ కథ ఏమీ నచ్చలేదు. అడుగడుగునా అడ్డుపడ్డాడు. ఇందులో పద్యమేదీ అన్నాడు. మనవాళ్ళయితే ఇంత మంచివాణ్ణి ఇలా కాల్చేసేవాళ్ళు కారు, ఎవరో ఒక మునిని పంపి గట్టెక్కించేవాళ్ళు అన్నాడు. ఈవిడ అలవాటు కొద్దీ మర్యాదగా తగ్గుతూ వచ్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆదివారం ఒక్కటే ఈవిడకి ఆటవిడుపుగా ఉండేది. ఇప్పుడు అక్కడ కూడా ఎదుట తూర్పు కూర్చుంది.

"అయినా వాడికేం పోయేకాలం? తాళాలు చేతిలో పెట్టిన రోజే, ఇవి నావి కావండీ అని ఒక్క మాట అనలేకపోయాడా?" అన్నాడు విసుగ్గా.

"అనలేకపోయాడు నాన్నా."

"ఎందుకని?"

ఆవిడ మెడలో కళ్ళజోడు తాడుని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"ఇచ్చినవాళ్ళు అంత సంతోషంగా ఇచ్చారు."

కిటికీలోంచి కింద వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ముసలాయన టీ గ్లాసు కోసం తడుముకున్నాడు, ఈవిడ అందించింది. గుక్కెడు తాగి, గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు.

"అయితే తప్పు వాడొక్కడిదే కాదు" అన్నాడు.